ఉంగరం కథ: చదవాలా, చూడాలా, చూస్తే ఏది చూడాలి?

జూలైలో గోదారి ఎరుపెక్కిందంటే మా కోనసీమలో అందరి చూపూ ధవళేశ్వరం వైపే. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకి ఒకటో ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఒకటోదానికి మేం పెద్దగా ఖంగారు పడం. రెండోది వచ్చిందంటే మాత్రం లంకల్లో వాళ్ళు గేదెల్ని గట్టు మీదకి తోలుకొస్తారు, కాలేజీలకి సెలవిచ్చేస్తారు. అలాంటి ఒక సెలవు రోజున మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది.

"బాబాయ్, లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చూద్దామనుకుంటున్నా. మూడు సినిమాలంట, ఒక్కోటీ రెండు రకాలంట. హాబిట్ అని ఇంకో మూడు. పైన సిరీస్ ఒకటి. మా ఫ్రెండేమో ముందు పుస్తకం చదవమంటోంది. ఎక్కడ మొదలెట్టమంటావు?"

"ఎన్నాళ్ళు సెలవు?" అన్నాను.

"వరద తీసేదాకా."

ఇరవయ్యేళ్ళ పైబడి ఈ కథ పిచ్చిలో ఉన్నవాణ్ణి. ఆ రోజు గంటసేపు మాట్లాడినా ఒక జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే జవాబు అడిగే మనిషిని బట్టి మారుతుంది. అదంతా ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు

సౌరాన్ అనే దుష్టశక్తి తన బలమంతా పోసి ఒక ఉంగరం చేసుకున్నాడు. అది పోగొట్టుకున్నాడు. తిరుగుతూ తిరుగుతూ అది షైర్ అనే పచ్చటి పల్లెటూరి సీమలో ఫ్రోడో అనే హాబిట్ చేతికి వచ్చింది. హాబిట్లంటే మన నడుం ఎత్తు ఉండే మనుషులు. చెప్పులు వేసుకోరు, రోజుకి ఆరుసార్లు తింటారు, పొద్దున్న టిఫినయ్యాక రెండో టిఫినుంటుంది, పుట్టినరోజుకి వాళ్ళే ఊరందరికీ కానుకలిస్తారు. గోదారి జిల్లాల వాళ్ళకి వివరించాల్సిన పనిలేని జాతి. ఆ ఉంగరాన్ని అది తయారైన అగ్నిపర్వతంలోనే పడేస్తే తప్ప నాశనం కాదు. ఫ్రోడో, అతని తోటమాలి శామ్ నడుచుకుంటూ అక్కడికి బయల్దేరతారు. కొంత దారి ఇంకో ఇద్దరు హాబిట్లూ మరికొందరూ తోడొస్తారు. అంతే కథ.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది టైము. మూడు సినిమాలు థియేటర్లో వచ్చినవి వచ్చినట్టు చూస్తే మొత్తం 9 గంటల 18 నిమిషాలు. పొడిగించిన వెర్షన్, అంటే ఎక్స్‌టెండెడ్, 11 గంటలు దాటుతుంది. నవల సుమారు 4,80,000 ఇంగ్లీషు మాటలు. నిమిషానికి 200 మాటలు చదివేవాళ్ళకి 40 గంటలు. రోజుకో గంటైతే నెల పైన పది రోజులు.

రెండోది ఇంగ్లీషు. ఈ నవల రాసిన టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. హాబిట్లు మాట్లాడుకుంటే మామూలుగానే ఉంటుంది గానీ, రాజులు నోరు విప్పితే మన గ్రాంథికం లాంటిది వస్తుంది. మధ్యలో పాటలు, పద్యాలు బోలెడు.

మూడోది, పక్కన ఎవరు కూర్చుంటారు. ఒక్కరే ల్యాప్‌టాప్‌లో చూడటం వేరు, హాల్లో పిల్లలూ పెద్దవాళ్ళూ కూర్చుంటే వేరు. మొదటి సినిమా సీడీలు అద్దెకి తెచ్చి వేసినప్పుడు మా మామ్మ అరగంట చూసి, "ఆ ఉంగరమేదో గోదాట్లో పారెయ్యొచ్చుగా, ఇంత గొడవెందుకు?" అంది. నవ్వాం. తర్వాత పుస్తకం చదివితే, పెద్దల సభలో అచ్చం అదే ప్రశ్న వస్తుంది: సముద్రంలో పారేద్దామా? వాళ్ళకి దారి చూపే మాంత్రికుడు గాండాల్ఫ్ వద్దంటాడు. లోతు నీళ్ళలో చాలా ఉంటాయి, కాలం గడిస్తే నేలా సముద్రమూ చోట్లు మారతాయి అంటాడు. నిన్నటి లంక ఇవాళ లేని చోట పుట్టినవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. అసలా ఉంగరం అంతకు ముందు బయటపడిందీ ఏటి అడుగు నుంచే. గేలానికి పడ్డ పెద్ద చేప పడవలోంచి మనిషినే నీళ్ళలోకి లాగేస్తే, మట్టిలోంచి అతని గుప్పిట్లోకి వచ్చింది. సినిమాలో ఆ సభ ఉంది, ఆ ప్రశ్న లేదు. మామ్మకి పుస్తకమే సరిపోయేది, పాపం.

నాలుగోది నేను మాత్రమే అడిగే ప్రశ్న కావచ్చు: వెళ్ళినవాళ్ళు ఇంటికి తిరిగొచ్చాక ఏమవుతుంది? దీని సంగతి కింద విడిగా చెబుతాను. టేబుల్లో మాత్రం ఒక గడి పెట్టాను.

| ఏది | ఎంతసేపు | ఇంగ్లీషు | నవలకి ఎంత దగ్గర | ఇల్లు చేరాక జరిగే కథ |
|---|---|---|---|---|
| నవల (1954–55) | 40 గంటల చదువు | కష్టమే, అలవాటవుతుంది | అసలుది అదే | పూర్తిగా ఉంది |
| మూడు సినిమాలు, థియేటర్ వెర్షన్ (2001–03) | 9 గంటల 18 నిమిషాలు | సబ్‌టైటిల్స్ ఉంటే చాలు | కథ దగ్గర, మనుషులు కొందరు దూరం | లేదు |
| అవే సినిమాలు, ఎక్స్‌టెండెడ్ | 11 గంటల పైన | అదే | ఇంకాస్త దగ్గర, రెండు మూడు చోట్ల ఇంకాస్త దూరం | లేదు |
| హాబిట్ నవల (1937) | 8 గంటల చదువు | తేలిక | అది వేరే కథ, దీనికి ముందుది | ఉంది, చిన్నగా, నవ్వుతూ |
| హాబిట్ సినిమాలు (2012–14) | దాదాపు 8 గంటలు | సబ్‌టైటిల్స్ ఉంటే చాలు | బాగా సాగదీశారు | ఉంది, క్లుప్తంగా |
| బీబీసీ రేడియో నాటకం (1981) | అరగంటవి 26 భాగాలు | వినడం అలవాటుండాలి | చాలా దగ్గర | ఉంది |

నవల

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇది మూడు నవలల సిరీస్ కాదు, ఒకటే నవల. యుద్ధం తర్వాత ఇంగ్లండులో కాగితం ఖరీదు, అంత లావు పుస్తకం పోతుందో లేదోనన్న భయం, రెండూ కలిసి ప్రచురణకర్తలు దాన్ని మూడు సంపుటాలు చేశారు. లోపల మాత్రం ఆరు ఖండాలు, 62 అధ్యాయాలు. అందుకే మొదటి సంపుటం ఒక్కటే చదివి "ఏంటిది, మధ్యలో ఆపేశాడు" అనేవాళ్ళుంటారు. ఆపలేదండీ, బైండింగ్ అక్కడ అయిపోయింది.

మొదటి వంద పేజీలు నిదానం. ఆ మాట దాచను. సినిమాలో ఫ్రోడోని పెంచిన బిల్బో పుట్టినరోజు పార్టీ అవగానే ఫ్రోడో మూట సర్దుకున్నట్టుంటుంది. నవల్లో పార్టీకి, ప్రయాణానికి మధ్య 17 ఏళ్ళు గడుస్తాయి. బయల్దేరేనాటికి ఫ్రోడోకి యాభై. తర్వాత టామ్ బాంబడిల్ అని ఒకాయన వస్తాడు. పసుపు బూట్లు వేసుకుని, పాటలు పాడుకుంటూ అడవిలో తిరుగుతుంటాడు. ఉంగరం ఆయన్నేమీ చేయలేదు. ఆయనెవరో రచయిత చెప్పడు. చాలామంది పుస్తకం మూసేసేది అక్కడే. నేను కూడా మొదటిసారి అక్కడే మూశాను, వేసవి సెలవుల్లో మళ్ళీ తీశాను.

ఓపిక పడితే దొరికేది ఆ లోకం. సినిమాలో ఊళ్ళు కనిపిస్తాయి, నవల్లో వాటి మధ్య దూరం తెలుస్తుంది. ఎన్ని రోజులు నడిచారు, ఏ రోజు వాన పడింది, చంద్రుడు ఎంత ఉన్నాడు, అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. ఇక ఏరు. ఆండుయిన్ అనే మహానది పుస్తకం చివర ఇచ్చే పటంలో దక్షిణాన పాయలు పాయలుగా విడిపోయి సముద్రంలో కలుస్తుంది. దాని మధ్యలో కేర్ ఆండ్రోస్ అని ఒక లంక, ఎగువ కొస పడవ ముక్కులా ఉంటుంది, వచ్చే నీళ్ళని చీల్చుకుంటూ. గౌతమీ వశిష్ఠల మధ్య పెరిగినవాడు ఆ పటం ఒకసారి చూశాడంటే వేలు పెట్టి పాయల్ని లెక్కపెట్టకుండా ఉండలేడు.

లోటేమిటంటే, యుద్ధాలు చదవడానికి నవల అంత గొప్పది కాదు. ఫ్రోడోకి తోడొచ్చిన వీరుడు బోరోమిర్ చివరి పోరాటమే తీసుకోండి. నవల్లో అది తెరవెనక జరిగిపోతుంది. ఆ జట్టులోనే ఉన్న, తర్వాత రాజయ్యే అరగార్న్ పరుగెత్తుకొచ్చేసరికి అతను చెట్టుకి జారగిలబడి ఉంటాడు, ఒంటినిండా బాణాలు. సినిమాలో ఒక్కో బాణం దిగడం, మోకాళ్ళ మీద పడి మళ్ళీ లేవడం చూస్తాం. నా ఓటు సినిమాకే. కొండ మీంచి కొండ మీదకి మంటలు రాజేసుకుంటూ గోండోర్ రాజ్యం సాయం అడిగే సీన్ కూడా అంతే. నవల్లో గుర్రం మీద వెళ్తున్న పిప్పిన్ అనే హాబిట్‌కి దూరంగా మంటలు కనిపిస్తాయి, గాండాల్ఫ్ అవేమిటో చెబుతాడు, అయిపోయింది.

థియేటర్లో వచ్చిన మూడు సినిమాలు

పీటర్ జాక్సన్ మూడింటినీ న్యూజిలాండ్‌లో ఒకేసారి తీశాడు. 1999 అక్టోబరులో మొదలెట్టి 2000 డిసెంబరు దాకా ప్రధాన షూటింగ్. తర్వాత ఏడాదికొకటి చొప్పున డిసెంబరుల్లో విడుదల. మూడోదానికి 11 ఆస్కార్ నామినేషన్లు, పదకొండూ వచ్చాయి. ఈ లెక్క ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నా.

కొత్తవాళ్ళకి నా సలహా ఇదే వెర్షన్. కథ ఎక్కడా తెగదు. ఒకప్పుడు ఉంగరం తన దగ్గరుండి, దానికోసమే వెంటపడే గొల్లమ్ తనలో తాను రెండు గొంతులతో పోట్లాడుకునే సీన్ ఒక్కటి చాలు. నటుడు ఆండీ సెర్కిస్, పైన వేసిన బొమ్మ కంప్యూటర్ది, అయినా ఆ కళ్ళలో దొంగా ఏడుపుగొట్టు పిల్లాడూ మార్చి మార్చి కనిపిస్తారు. హోవార్డ్ షోర్ సంగీతం సంగతైతే, షైర్ కోసం కట్టిన ఆ వేణువు బాణీ ఇప్పటికీ నా ఫోన్ రింగ్‌టోన్.

అభిమానిగా నా ఫిర్యాదులు మూడు. ఒకటి బోరోమిర్ తమ్ముడు ఫరామిర్. నవల్లో అతను దారిలో ఉంగరం పడి ఉన్నా తీసుకోనంటాడు, అన్నట్టే వదిలేస్తాడు. సినిమాలో ఫ్రోడోని కట్టేసి ఊరు దాటిస్తాడు. ఉంగరానికి ఎవరూ లొంగకుండా ఉండలేరని చెప్పడానికలా మార్చి ఉంటారు, కానీ ఒక మంచివాడిని పాడు చేశారు. రెండోది, మెట్ల మీద ఫ్రోడో శామ్‌ని ఇంటికి పొమ్మనడం. నవల్లో అలాంటిది లేదు, ఫ్రోడో ఆ మాట అనడు కూడా. మూడోది అసలు ఫిర్యాదు. దానికొస్తున్నా.

ఎక్స్‌టెండెడ్ వెర్షన్

మొదటిదానికి అరగంట, రెండోదానికి ముప్పావుగంటకి కాస్త తక్కువ, మూడోదానికి సుమారు 50 నిమిషాలు కలిపారు. కొన్ని కలపకపోతే నష్టమే. అడవిలో ఉండే ఎల్ఫ్ జాతి దొరసాని గాలాడ్రియెల్ అందరికీ కానుకలిచ్చే సీన్ ఇందులోనే పూర్తిగా ఉంది. ఆకులో చుట్టిన లెంబాస్ రొట్టెలు ఎక్కడివో, శామ్ దగ్గరున్న తాడు ఎవరిచ్చారో ఇది చూస్తేనే తెలుస్తుంది. లెంబాస్ చూసి మా ఇంట్లో ఒకరు "పూతరేకులా ఉంది" అన్నారు. పూతరేకు ఒక ముక్క తిని రోజంతా నడిచే మనిషి ఆత్రేయపురంలో కూడా దొరకడు.

రెండో సినిమాలో ఫరామిర్ వాళ్ళ తండ్రి పెద్దకొడుకుని నెత్తిన పెట్టుకుని చిన్నకొడుకుని తీసిపారేసే సీన్ కలిపారు. అది చూశాక ఫరామిర్ చేసినదానికి కొంచెమైనా కారణం దొరుకుతుంది. మూడోదాంట్లో సారుమాన్ అనే చెడిపోయిన మాంత్రికుడి చావు కలిపారు. థియేటర్ వెర్షన్‌లో అంత పెద్ద విలన్ మూడో సినిమాకి వచ్చేసరికి అసలు కనిపించడు. ఆ వేషం వేసిన క్రిస్టఫర్ లీ ఏటా ఈ నవల చదివే వీరాభిమాని, తన సీన్లు తీసేశారని బాగా నొచ్చుకున్నాడు.

అలాగని ఎక్కువుంటే నవలకి ఎక్కువ దగ్గరని కాదు. చివరి యుద్ధానికి ముందు సౌరాన్ తరఫున రాయబారి ఒకడు వస్తాడు. ఎక్స్‌టెండెడ్‌లో అరగార్న్ వాడి తల నరికేస్తాడు. నవల్లో అరగార్న్ కళ్ళలోకి చూస్తాడంతే, వాడు కొట్టబోయారన్నట్టు జంకి "నేను రాయబారిని, నా మీద చెయ్యి వెయ్యకూడదు" అంటాడు. ఎవరూ ఏమీ చెయ్యరు. రాయబారిని చంపకూడదని సుందరకాండలో లంకలో కూర్చుని విభీషణుడు చెప్పాడు, రావణుడంతటివాడు విన్నాడు. కాబోయే రాజు వినకపోతే ఎలా?

ఇంకో మాట. ఎక్స్‌టెండెడ్ మొదటిసారే చూస్తే అలుపొస్తుంది. రెండో సినిమాలో అడవి సీన్లు సాగుతూనే ఉంటాయి. పైగా కరెంటు పోతే ఎక్కడ ఆపామో మర్చిపోతాం. నవల చదివినవాళ్ళకి, థియేటర్ వెర్షన్ ఒకసారైనా చూసి మళ్ళీ చూడాలనిపించినవాళ్ళకి మాత్రం ఇదే సరైనది. రోజుకి సగం సినిమా చొప్పున ఆరు రోజులు పెట్టుకోండి. ఓటీటీలో ఏ వెర్షన్ ఉందో పేరులో రాయకపోవచ్చు, నిడివి చూసుకోండి. మొదటి సినిమా 2 గంటల 58 నిమిషాలుంటే థియేటర్ది, మూడున్నర గంటల దగ్గరో ఇంకా పైనో ఉంటే ఎక్స్‌టెండెడ్.

నా అసలు ఫిర్యాదు

1996 నవంబరు 6న తుపాను వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మమ్మకి ఒంట్లో బాగోకపోతే అమ్మా నేనూ తణుకు వెళ్ళి ఉన్నాం. దారులు తెరుచుకున్నాక రావులపాలెం నుంచి బస్సులో వచ్చాం. అంబాజీపేట దాటాక మా ఊరి దగ్గర బస్సు ఆగింది. అమ్మ లేవలేదు. కండక్టర్ "దిగండమ్మా, మీ ఊరే" అంటే, "మాది కాదండీ" అంది. ఊరి మొగలో ఉండే రెండు రావిచెట్లూ లేవు. కొబ్బరితోటలుండే చోట ఆకాశం ఉంది. రోడ్డు మీంచి చూస్తే ఎప్పుడూ కనపడని మా ఇంటి వెనక గోడ కనపడింది. తాతయ్య పడిపోయిన చెట్ల మీద నడుచుకుంటూ ఎదురొచ్చాడు, చేతిలో ఒక బొండం పట్టుకుని. తాగమని నాకిచ్చాడు. దాని తర్వాత మా తోటలో ఇంకో బొండం ఏళ్ళ తరబడి లేదు.

నవల్లో ఉంగరం నాశనమయ్యాక కథ అవదు. హాబిట్లు నలుగురూ ఇల్లు చేరతారు. చేరేసరికి షైర్ నరికేసి ఉంటుంది. చెరువుగట్టు చెట్లు కొట్టేశారు, మర తీసేసి పొగ కక్కే పెద్ద మర పెట్టారు, పుట్టినరోజు పార్టీ జరిగిన చెట్టు నేల మీద పడి ఉంది. యుద్ధం గెలిచొచ్చినవాళ్ళు ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలి. అప్పుడు శామ్ గాలాడ్రియెల్ ఇచ్చిన చిన్న పెట్టె తీస్తాడు. అందులో ఆవిడ తోటలోని మన్ను, ఒక గింజ. చెట్టు పోయిన ప్రతిచోటా ఒక మొక్క నాటి, ఒక్కో మొక్క మొదట్లో ఒక్కో రేణువు మన్ను వేసుకుంటూ షైరంతా తిరుగుతాడు. గింజని పార్టీ చెట్టు ఉన్నచోట పాతుతాడు.

ఆ అధ్యాయం చదివింది ఇంటర్లో, మూడో సినిమా ఇంకా చూడకముందు. చదివి తోటలోకి వెళ్ళాను. తుపాను తర్వాత తాతయ్య పెట్టిన మొక్కలు ఆ ఏడే మొదటి గెలలేశాయి. ఇక సినిమాలో ఆ సీన్ ఎలా తీసి ఉంటారా అని ఒకటే ఎదురుచూపు. సీడీ వచ్చింది. నలుగురూ గుర్రాల మీద షైర్‌కి వచ్చారు. ఊరు పచ్చగా, బయల్దేరినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నాకు ఇంకో సీడీ ఉందేమో అనిపించి డబ్బాలో వెతికాను.

ఎక్స్‌టెండెడ్‌లో ఉంటుందనుకున్నాను, అక్కడా లేదు. జాక్సన్ ఆ అధ్యాయాన్ని తియ్యనే లేదు. మొదటి సినిమాలో గాలాడ్రియెల్ నీటి అద్దంలో ఫ్రోడోకి కాలిపోతున్న షైర్ ఒక్క క్షణం కనిపిస్తుంది, అంతవరకే. సారుమాన్ కూడా నవల్లో చచ్చేది షైర్లోనే, సినిమాలో చంపినట్టు కోట మీంచి పడి కాదు.

దర్శకుడి వైపు నుంచి ఆలోచిస్తే అర్థమవుతుంది. అగ్నిపర్వతం పేలాక జనం సీట్లలోంచి లేవడం మొదలెడతారు, ఇంకో చిన్న యుద్ధం ఎవరు చూస్తారు? దానికి బదులు ఆయన పెట్టిన సీన్ కూడా బాగానే ఉంటుంది. నలుగురూ ఊళ్ళో కల్లుపాక లాంటి చోట కూర్చుంటారు, చుట్టూ ఉన్నవాళ్ళెవరూ వీళ్ళని పట్టించుకోరు. ఒక్క మాట లేకుండా నలుగురూ గ్లాసులెత్తుతారు. వెళ్ళినవాళ్ళు మారారు, ఊరు మారలేదు అని ఆయన లెక్క. టోల్కీన్ రాసింది రెండూ మారాయని. 1916లో సోమ్ యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషి ఆయన.

1995లో పాసర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మండిన ఆ రెండు నెలలూ రాత్రిళ్ళు మా డాబా మీంచి చూస్తే ఆకాశం ఒక మూల ఎర్రగా ఉండేది. సౌరాన్ రాజ్యం మోర్డోర్‌ని సినిమాలో చూడగానే నాకు గుర్తొచ్చింది అదే. మంటల్ని చూపించడంలో సినిమాని మించింది లేదు. మంటలారాక చేసే పనే తెరమీద లేదు.

హాబిట్ సంగతి

ఇది బిల్బో కథ, పిల్లల కోసం 1937లో రాసిన 19 అధ్యాయాల చిన్న పుస్తకం. దీన్ని మూడు సినిమాలు చేశారు. మూడూ కలిపి దాదాపు ఎనిమిది గంటలు. సుమారు 95,000 మాటల పుస్తకం చదవడానికి కూడా ఎనిమిది గంటలే పడుతుంది. ఒక పుస్తకాన్ని చదివేంతసేపూ తెరమీద చూడాల్సి రావడం నాకు తెలిసి ఇంకెక్కడా లేదు. ఎడం నింపడానికి ఈ పుస్తకంలో లేని, పెద్ద కథలోని లెగోలాస్‌ని తెచ్చారు, టారియెల్ అని కొత్త పాత్ర సృష్టించారు, ఒక ప్రేమకథ అంటించారు. పీపాల్లో ఏట్లో కొట్టుకుపోయే సీన్ పుస్తకంలో భలే ఉంటుంది. మరుగుజ్జులు మూతలు బిగించిన పీపాల్లో ఉక్కిరిబిక్కిరవుతుంటే, బిల్బో పైన తొట్టి పట్టుకుని చలికి వణుకుతూ జలుబు తెచ్చుకుంటాడు. సినిమాలో అది కత్తులు తిప్పే వీడియో గేమ్ అయింది. బిల్బో, గొల్లమ్ పొడుపు కథలు వేసుకునే సీన్ మాత్రం సినిమాలో కూడా అద్భుతం, అది వరకు చూడండి.

ఇంట్లో ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలుంటే సినిమా జోలికి పోకుండా పుస్తకం మీరే చదివి తెలుగులో చెప్పండి. రాత్రికో అధ్యాయమైతే మూడు వారాల్లో అవుతుంది. మా వాడికి అలాగే చెప్పాను. ట్రోల్స్‌ని బ్రహ్మరాక్షసులన్నాను, ఏమీ నష్టం రాలేదు.

మిగతావి, క్లుప్తంగా

1978లో రాల్ఫ్ బక్షీ తీసిన కార్టూన్ సినిమా సగం కథ దగ్గర ఆగిపోతుంది, రెండో భాగం రానేలేదు. కుతూహలం ఉంటే తప్ప అక్కర్లేదు. 1981 బీబీసీ రేడియో నాటకం మాత్రం బంగారం. అందులో ఫ్రోడోకి గొంతిచ్చిన ఇయన్ హోమ్ ఇరవయ్యేళ్ళ తర్వాత సినిమాలో ముసలి బిల్బోగా వేశాడు. 2022లో మొదలైన రింగ్స్ ఆఫ్ పవర్ సిరీస్ ఈ కథకి వేల ఏళ్ళ ముందుది, నవల చివర్లో ఇచ్చిన అనుబంధాల మీద కట్టుకున్నది. దాంతో మొదలెట్టకండి.

ఎవరికి ఏది

వారం లోపు సెలవు, ఇంగ్లీషు ఓ మాదిరి, ఇంతకు ముందేమీ తెలియదు అంటే థియేటర్ వెర్షన్. రోజుకొకటి చూసి నాలుగో రోజు ఖాళీ ఉంచుకోండి, ఎందుకో చివర చెబుతా.

ఇంగ్లీషు నవల చదవడం అలవాటున్నవాళ్ళు పుస్తకమే ముందు చదవండి. ఒకసారి సినిమా చూశాక గాండాల్ఫ్ అంటే ఇయన్ మెకెలెన్ ముఖం తప్ప ఇంకోటి రాదు. సొంతంగా ఊహించుకునే అవకాశం ఒక్కసారే ఉంటుంది. బాంబడిల్ దగ్గర విసుగొస్తే దాటేయండి, కథేమీ పోదు.

తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు పుస్తకానికి భయపడేవాళ్ళు హాబిట్ నవలతో మొదలెట్టండి. అది గట్టెక్కితే పెద్దది కూడా గట్టెక్కుతుంది.

పెద్దవాళ్ళతో హాల్లో చూసేవాళ్ళు మొదటి సినిమా ఒక్కటి వేయండి. షైర్, ప్రయాణం, పడవలు, ఏటికి అటూ ఇటూ చెయ్యెత్తి నిలబడ్డ రాజుల విగ్రహాలు వాళ్ళకి నచ్చుతాయి. అక్కడ మా మామ్మ "పాపికొండల్లా ఉందిరా" అంది. తర్వాతి రెండింట్లో యుద్ధమే ఎక్కువ, నిద్రపోతారు.

సినిమాలు చూసి "ఏముంది ఇందులో, నడక తప్ప" అనుకున్నవాళ్ళకి ఎక్స్‌టెండెడ్ చూడమని ఎవరైనా చెబితే వినకండి. ఇంకో రెండు గంటల నడక కలుస్తుంది, అంతే. మీకు రేడియో నాటకమో, పుస్తకమో ఎక్కొచ్చు, ఎక్కకపోతే వదిలేయండి.

ఇక ఆ నాలుగో రోజు. ఏ వెర్షన్ చూసినా సరే, మూడో సినిమా అయ్యాక నవల మూడో సంపుటం సంపాదించి ఆరో ఖండంలో ఎనిమిదో అధ్యాయం ఒక్కటి చదవండి. కథ తెలుసు కాబట్టి ముందువి చదవకపోయినా అర్థమవుతుంది. గంటన్నర పని. తొమ్మిదోది కూడా చదివితే మంచిదే, శామ్ పెట్టె తీసేది అందులోనే.

మా అన్నయ్య కూతురు థియేటర్ వెర్షన్‌తో మొదలెట్టింది. మూడో రోజుకి వరద తీసేసింది, కాలేజీ తెరిచారు, మూడో సినిమా సగంలో ఆగింది. ఆదివారం వచ్చి నా దగ్గర్నుంచి మూడో సంపుటం పట్టుకెళ్ళింది. ఎనిమిదో అధ్యాయం దగ్గర బస్సు టికెట్టొకటి పెట్టి ఇచ్చాను.